జెడ్4కి రన్‌ఫ్లాట్ తీసేసి మామూలు టైర్లు వేయించా: రెండూ నడిపి చూశాక

రన్‌ఫ్లాట్ టైరు గురించి కంపెనీవాళ్లు చెప్పే మాట ఒక్కటే. గాలి మొత్తం పోయినా, గంటకి 80 కిలోమీటర్ల వేగం దాటకుండా, 80 కిలోమీటర్ల దూరం వెళ్లొచ్చు. మాట అబద్ధం కాదు, గాలి లేని టైరు మీద నేనూ వెళ్లాను. కాకపోతే ఆ 80 కిలోమీటర్లు వెళ్లి ఎక్కడికి చేరతామన్నది మాత్రం ఏ బ్రోచర్లోనూ ఉండదు. జర్మనీలో అయితే ఆ దూరంలో నాలుగు టైర్ల షోరూములు తగుల్తాయి. మిర్యాలగూడ దగ్గరైతే?

నాది 2012 మోడల్ బీఎండబ్ల్యూ జెడ్4, ఎస్‌డ్రైవ్35ఐ. 2021లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నా. ఆ డబ్బుతో కొత్త క్రెటా వచ్చేదని మా అత్తగారు పండక్కోసారి గుర్తు చేస్తుంటారు. ఇద్దరే పట్టే బండి. మూడు లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిను, 306 హార్స్‌పవర్, లాగేది కాదు తోసేది, అంటే ఇంజిను బలం వెనక చక్రాలకి వెళ్లే బండి. కప్పు మడతపడి డిక్కీలో కూర్చుంటుంది. కప్పు వేసి ఉంటే డిక్కీ 310 లీటర్లు, తీస్తే 180. అంటే ఒక సూట్‌కేసు, దాని పక్కన నా హాస్పిటల్ బ్యాగు. స్టెప్నీకి చోటు లేదు, జాకీ కూడా ఇవ్వలేదు. అందుకే కంపెనీవాళ్లు దీనికి రన్‌ఫ్లాట్లు వేసి పంపారు. నేను మత్తు డాక్టర్ని. హైదరాబాద్‌లో మూడు నాలుగు హాస్పిటల్స్‌కి కేసుని బట్టి తిరుగుతుంటా, నెలకో రెణ్నెల్లకో నరసరావుపేటలో అమ్మ దగ్గరికి వెళ్తుంటా. బండి వాడకం అంతే. ట్రాక్ మీద తిప్పే మనిషిని కాదు, ఆ కోణంలో సలహా కావాలంటే ఇక్కడ దొరకదు.

రన్‌ఫ్లాట్లో రహస్యమేమీ లేదు. మామూలు టైరులో బండి బరువు మోసేది గాలి. గాలి పోతే పక్కగోడ నలిగి రిమ్ము రోడ్డుకి తగుల్తుంది. రన్‌ఫ్లాట్లో ఆ పక్కగోడ లోపల వేడికి తట్టుకునే గట్టి రబ్బరు అదనంగా పోస్తారు. గాలి లేనప్పుడు బరువు ఆ గోడే మోస్తుంది. గాలి ఉన్నప్పుడు కూడా ఆ గోడ గట్టిగానే ఉంటుంది కదా, చిక్కంతా అక్కడే. నా బండికి ముందు 225/40 ఆర్18, వెనక 255/35 ఆర్18. మొదటి అంకె టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, రెండోది ఆ వెడల్పులో పక్కగోడ ఎత్తు ఎంత శాతమో, చివరిది రిమ్ము అంగుళాల్లో. లెక్కేస్తే వెనక టైరు పక్కగోడ ఎత్తు 89 మిల్లీమీటర్లు, మూడున్నర అంగుళాలు. రోడ్డు కుదుపు మింగడానికి ఉన్నదే అంత. ఆ కాస్తా గట్టి రబ్బరుతో నింపితే ఇక మింగేదెవరు, మన నడుమే.

మీ బండికున్నవి రన్‌ఫ్లాట్లో కాదో తెలియకపోతే టైరు పక్కన చూడండి. బ్రిడ్జ్‌స్టోన్ ఆర్ఎఫ్‌టీ అని రాస్తుంది, మిషెలిన్ జెడ్‌పీ అని, కాంటినెంటల్ ఎస్ఎస్ఆర్ అని, గుడ్‌ఇయర్ ఆర్వోఎఫ్ అని. తలా ఒక పేరు, పని ఒకటే. బీఎండబ్ల్యూ టైర్లయితే ఆర్ఎస్‌సీ అనే ముద్ర గుండ్రటి గీతలో కనిపిస్తుంది, పక్కన నక్షత్రం ఉంటే బీఎండబ్ల్యూ ఒప్పుకున్న టైరని. సెకండ్ హ్యాండ్ బండి కొనేటప్పుడు ఇది తప్పక చూడండి. పాత ఓనరు రెండు రన్‌ఫ్లాట్లు, రెండు మామూలువి కలిపి వేసి అమ్మేసిన బండ్లు మార్కెట్లో ఉన్నాయి. అలా కలపకూడదు. ముందూ వెనకా పక్కగోడల గట్టిదనం వేరైతే మలుపులో బండి ఒకచోట ఒకలా, ఒకచోట ఒకలా తిరుగుతుంది.

రైడ్ సంగతి. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పీవీ ఎక్స్‌ప్రెస్‌వే 11.6 కిలోమీటర్లు. ఎయిర్‌పోర్టు దారి కాబట్టి అందరికీ తెలిసిందే. ఆ ఫ్లైఓవర్ అతుకులు రన్‌ఫ్లాట్లతో ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. ముందు చక్రాలది ఒక దెబ్బ, వెనక చక్రాలది ఇంకో దెబ్బ, రెండోది సరిగ్గా సీటు కింద. ఈ బండిలో కూర్చునేదే వెనక ఇరుసుకి కాస్త ముందు, అందువల్ల వెనక దెబ్బ నేరుగా మనకే. కాలనీలో మున్సిపాలిటీ పర్మిషన్ లేకుండా ఎవరికి తోచినట్టు వాళ్లు పోసుకున్న స్పీడ్ బ్రేకర్ల సంగతి చెప్పక్కర్లేదు. హైవే మీద ఊరు వచ్చే ముందు తెల్లటి అడ్డగీతలు ఉంటాయే, వాటి మీద మా అమ్మ కళ్లు మూసుకుని గోవింద నామాలు అందుకునేది.

అయితే పొగడాల్సింది పొగడాలి. దోమలపెంట దాటి శ్రీశైలం డ్యామ్ వైపు దిగే ఘాట్ మలుపుల్లో రన్‌ఫ్లాట్లు స్టీరింగ్‌కి వెంటనే పలుకుతాయి. చెయ్యి తిప్పీ తిప్పకముందే ముక్కు తిరుగుతుంది. గట్టి పక్కగోడకి అది లాభం. కానీ అదే మలుపు మధ్యలో ఒక చిన్న గుంటో, తారు అతుకో వస్తే వెనక భాగం పక్కకి ఒక అంగుళం గెంతుతుంది. గెంతి మళ్లీ పట్టుకుంటుంది. ప్రమాదం కాకపోయినా ఆ లిప్తపాటు గుండె ఝల్లుమంటుంది. నున్నటి రోడ్డు మీద పదునుగా, అతుకుల రోడ్డు మీద చిరాకుగా ఉండే టైరది. మనకి ఏ రోడ్డు ఎక్కువో మీకు తెలుసు.

ఇక మిర్యాలగూడ. హైదరాబాద్ నుంచి నరసరావుపేటకి నార్కట్‌పల్లి దగ్గర విజయవాడ హైవే వదిలేసి నల్గొండ, మిర్యాలగూడ, వాడపల్లి వంతెన, పిడుగురాళ్ల మీదుగా వెళ్తాం. మిర్యాలగూడ చుట్టూ రైస్ మిల్లులు, దారి పొడుగునా ధాన్యం లారీలు. లారీలున్న చోట రాలిన బోల్టులు, మేకులు మామూలే. ఊరికి పది పన్నెండు కిలోమీటర్ల ఇవతల డాష్‌బోర్డులో టైరు గుర్తు ఎర్రగా వెలిగింది. దిగి చూశా. నాలుగు టైర్లూ ఒకేలా నిలబడి ఉన్నాయి. ఏది పోయిందో కంటికి ఆనదు. రన్‌ఫ్లాట్లతో ఇదొక పెద్ద సంగతి. గాలి హెచ్చరిక లైటు లేని బండికి వీటిని ఎప్పుడూ వేయకూడదు, పోయిన టైరు మీద తెలియకుండా 120లో వెళ్లిపోతాం. గేజ్ పెట్టి చూస్తే వెనక కుడి పక్కది సున్నా.

అరవై దాటకుండా ఊరి మొదట్లో పంక్చర్ షాపు దాకా తీసుకొచ్చా. స్టీరింగ్ కాస్త బరువైంది, వెనక ఎవరో బస్తా లాగుతున్నట్టు చిన్న రొద. అంతే. టైరు తన పని తాను చక్కగా చేసింది. షాపతను కేరళ నుంచి వచ్చి నల్గొండ యాసలో పడిపోయిన మనిషి. ముందు టైరుని తన్ని చూశాడు, తర్వాత వంగి చూశాడు.

“దీంట్ల గాలి లేదంటే నమ్మబుద్ధయితలేదు మేడమ్. గింత గట్టిగ ఎట్లున్నది?”

“రన్‌ఫ్లాట్ బాబూ. విప్పి లోపల ఎలా ఉందో చూస్తావా?”

“లారీ టైరన్న విప్పుత గానీ దీన్ని విప్ప. నా తాన ఉన్నది పారలు, సుత్తె. రిమ్ము పలిగితే షాపు అమ్మినా మీ పైసల్ కట్టలేను.”

అతను చెప్పింది నూటికి నూరుపాళ్లు రైటు. రన్‌ఫ్లాట్ పక్కగోడని రిమ్ము నుంచి ఊడదీయాలంటే పక్కన సాయం పట్టే చెయ్యి ఉన్న మెషిన్ కావాలి. పారతో పొడిస్తే టైరు కంటే ముందు అల్లాయ్ విరుగుతుంది. పైగా ఈ రిమ్ములకి అంచు లోపల మామూలు కన్నా ఎత్తైన గట్టు ఉంటుంది, గాలి లేకపోయినా టైరు జారకుండా. ఆ గట్టు దాటించడం ఇంకో తంటా. సరే, చక్రం విప్పకుండానే బయటి నుంచి రంధ్రంలోకి రబ్బరు స్ట్రిప్పు దూర్చి గాలి నింపాడు. నూటయాభై తీసుకున్నాడు, టీ కూడా తెప్పించాడు.

అక్కడ కూర్చుని టీ తాగుతూ లెక్కేశా. వెనక్కి హైదరాబాద్ నూట నలభై కిలోమీటర్లు. ముందుకి గుంటూరు కూడా వంద పైమాటే. మధ్యలో ఏ ఊళ్లోనూ 255/35 ఆర్18 రన్‌ఫ్లాట్ ఎవరూ తెచ్చి పెట్టుకోరు. అంటే కంపెనీ ఇచ్చిన 80 కిలోమీటర్లతో నేను ఎటూ చేరను. నన్ను చేర్చింది ఆ నూటయాభై రూపాయల స్ట్రిప్పు. మన దేశంలో పంక్చర్ షాపు ప్రతి అయిదారు కిలోమీటర్లకీ ఉంటుంది, మన సైజు టైరు మాత్రం వంద కిలోమీటర్లకి కూడా ఉండదు. గాలి లేకుండా పరిగెత్తే టైరు కాదు, రోడ్డు పక్కన బాగుచేయించుకోగలిగే టైరు మనకి కావలసింది. ఈ రివ్యూలో నేను చెప్పదలుచుకున్నది అదే, మిగతాదంతా దానికి వివరం.

హైదరాబాద్ వచ్చాక రాణిగంజ్‌లో సరైన మెషిన్ ఉన్న షాపులో టైరు విప్పించా. లోపలి నుంచి నల్లటి పొడి రాలింది, దంచిన మిరియాల పొడిలా. షాపు పెద్దాయన టార్చి వేసి లోపలి గోడ చూపించాడు. పక్కగోడ మడత పడే చోట చుట్టూ ఒక వలయంలా గీరుకుపోయి ఉంది. “పొడి రాలిందంటే లోపల గోడ అరిగినట్టే అమ్మా. దీన్ని మళ్లీ ఎక్కించమని నేను చెప్పను” అన్నాడు. పది పన్నెండు కిలోమీటర్లకే. మామూలు టైరైనా గాలి లేకుండా అంత దూరం తోలితే చింపిరి చింపిరి అవుతుంది, అది నిజమే. కానీ మామూలు టైరైతే మెత్తబడ్డ మరుక్షణం తెలుస్తుంది, ఆపుతాం. ఆపిన చోటే మేకు తీసి స్ట్రిప్పు వేస్తే టైరు బతుకుతుంది. రన్‌ఫ్లాట్‌తో గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకున్నట్టయింది.

ఆ ఒక్క టైరుకి సర్వీస్ సెంటర్లో చెప్పిన రేటు నలభై వేలకి అటూ ఇటూ. అదీ వెంటనే లేదు, తెప్పించాలి, ఎన్నాళ్లో చెప్పలేం అన్నారు. కారణం ఉంది. 2020 జూన్‌లో కేంద్రం కొత్త టైర్ల దిగుమతిని నియంత్రిత జాబితాలో పెట్టింది. లైసెన్సు లేనిదే తెప్పించడానికి లేదు. ఎక్కువ అమ్ముడుపోయే సైజులకి దారి దొరికింది గానీ, ఇలా ఊరికి పది బండ్లుండే సైజు రన్‌ఫ్లాట్లు గోడౌన్లలో పాతబడినవే తగుల్తాయి. నా బండి మీదున్నవాటి మీద కూడా తేదీ ముద్ర 2317, అంటే 2017లో 23వ వారం తయారీ. ఇది 2023 మాట. ఆరేళ్లు నిండుతున్న టైర్లకి ఒక్క కొత్తది జత చేయడం దండగ. నాలుగూ మార్చాల్సిందే అనుకున్నాక అసలు ప్రశ్న మొదలైంది.

సర్వీస్ సెంటర్ వాళ్లు రన్‌ఫ్లాట్ తప్ప వేరేవి మేం వేయం అన్నారు. “సస్పెన్షన్ దానికే ట్యూన్ చేశారు మేడమ్, మామూలువి వేస్తే బండి తేలిపోతుంది” అని ఒకాయన గట్టిగా చెప్పాడు. నాలుగు రన్‌ఫ్లాట్లకి లక్షన్నర దగ్గర చెప్పినప్పుడు ఆయన గొంతులో ఆ గట్టిదనం ఇంకా పెరిగింది. ఇందులో సగం నిజం ఉంది. ఈ బండి స్ప్రింగులూ షాక్‌అబ్జార్బర్లూ గట్టి టైరుని దృష్టిలో పెట్టుకునే కుదిర్చారు. కానీ బీఎండబ్ల్యూవాళ్లే తమ ఎం3, ఎం5 లాంటి అసలు సిసలు స్పోర్ట్స్ బండ్లకి రన్‌ఫ్లాట్లు వేయరు. మామూలు టైర్లు వేసి, డిక్కీలో సీలెంటూ (రంధ్రం మూసే జిగురు ద్రవం) గాలి పంపూ పెడతారు. పోర్షె 911 కూడా అంతే. వేగం కోసం కొనే బండ్లకి కంపెనీ తానే వద్దనుకున్న టైరు నాకు తప్పనిసరి ఎలా అవుతుంది? అడిగితే ఆయన నవ్వి, కాఫీ తాగుతారా అన్నాడు.

మా తమ్ముడిది ఇంకో వాదం. వాడు డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాడు, సీ8 కార్వెట్ నడుపుతాడు, అంటే షెవ్రొలే స్పోర్ట్స్ కారులో ఎనిమిదో తరం. కార్వెట్‌కి 1994లోనే రన్‌ఫ్లాట్ ఆప్షన్‌గా వచ్చింది. 1997లో అయిదో తరం సీ5 వచ్చినప్పటి నుంచి స్టెప్నీ ఎత్తేసి ఎక్కువగా రన్‌ఫ్లాటే ఇస్తున్నారు. వాడి బండికి ముందు 245/35 ఆర్19, వెనక 305/30 ఆర్20, మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4ఎస్ జెడ్‌పీ. “అక్కా, నువ్వు పదేళ్ల కిందటి రన్‌ఫ్లాట్ చూసి తిడుతున్నావ్. ఇప్పటివి అంత గట్టిగా లేవు. మేకు గుచ్చుకుంటే యాభై మైళ్లలో నాకు షాపు దొరుకుతుంది, లేదంటే రేపటికల్లా తెప్పిస్తారు” అంటాడు. వాడు చెప్పింది వాడి ఊరికి కరెక్టే. కొత్త తరం రన్‌ఫ్లాట్లు మెరుగయ్యాయన్న మాటా ఒప్పుకుంటా, 2023 డిసెంబర్లో వాడి బండిలో కూర్చుని చూశాను కాబట్టి. కానీ ఆ మెరుగైనది నా సైజులో, నా ఊళ్లో, కొత్త తేదీతో దొరకాలి కదా. దొరికిందే టైరు. దొరకనిది క్యాటలాగ్.

చివరికి అదే సైజులో మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4, మామూలువి, రాణిగంజ్ పెద్దాయన దగ్గరే తీసుకున్నా. నాలుగూ కలిపి లక్షకి కాస్త లోపు, బిగింపు, బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్‌తో సహా. సైజు మార్చకుండా, లోడ్ సూచిక (టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే అంకె) కంపెనీ చెప్పినదాని కన్నా తగ్గకుండా చూసుకున్నాం. ముందువి 92వై, వెనకవి 94వై, ఇందులో వై అనేది వేగం గుర్తు. రన్‌ఫ్లాట్ రిమ్ముకి మామూలు టైరు వేస్తే ఏమన్నా ఇబ్బందా అని చాలామంది అడుగుతారు. లేదు, బాగానే కూర్చుంటుంది. రేపు మళ్లీ రన్‌ఫ్లాట్ కావాలంటే అదే రిమ్ముకి వేసుకోవచ్చు. షాపులో పార్సిళ్లు తూచే కాటా ఉంటే, సరదాకి వెనక టైర్లు పాతదీ కొత్తదీ తూయించా. అరిగిపోయిన పాతదే కొత్తదాని కంటే సుమారు రెండు కిలోలు బరువుంది. స్ప్రింగుల కింద, చక్రం దగ్గర తగ్గే బరువు కాబట్టి రెండు కిలోలంటే చిన్న సంగతేమీ కాదు. గుంటలో పడ్డ చక్రం త్వరగా పైకొచ్చి మళ్లీ రోడ్డు పట్టుకుంటుంది.

తేడా షాపు గేటు దాటుతుంటేనే తెలిసింది. అక్కడొక మ్యాన్‌హోల్ మూత రోడ్డుకన్నా రెండు అంగుళాలు దిగబడి ఉంటుంది, రోజూ తిట్టుకునేదాన్ని. బండి దాని మీదుగా ఒక్కసారి దిగి లేచింది, చప్పుడు చేయలేదు. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే అతుకులు ఇప్పటికీ తెలుస్తాయి, కాకపోతే చెవికి, నడుముకి కాదు. ఘాట్‌లో మొదటి పదును తగ్గిన మాట నిజం. స్టీరింగ్ తిప్పాక టైరు ఒక చిటికె వాలి, అప్పుడు కుదురుకుని తిరుగుతుంది. మొదట్లో నాకూ తేలిపోతుందేమో అనిపించింది. అలవాటయ్యాక అదే నచ్చింది. కుదురుకున్నాక మలుపు మధ్య గుంట వచ్చినా గెంతడం లేదు, అందుకని ధైర్యంగా యాక్సిలరేటర్ ముందుగానే తొక్కగలుగుతున్నా. మరీ మెత్తగా అనిపించేవాళ్లు వెనక గాలి ఒకటి రెండు పీఎస్ఐ పెంచి చూడొచ్చు. తలుపు దగ్గర స్టిక్కర్ మీదున్న అంకె కన్నా మాత్రం తగ్గించకండి. వానలో పట్టు కూడా బాగా మెరుగైంది, కానీ ఆ గొప్పతనం మామూలు టైరుది అనను. ఆరేళ్ల పాత రబ్బరు తీసి కొత్త రబ్బరు వేస్తే ఏదైనా మెరుగ్గానే ఉంటుంది.

కొత్త టైర్లతో పంక్చర్ పడలేదా అంటే, పడింది. ఒక హాస్పిటల్ పార్కింగ్‌లో, పొద్దున కేసు ముగించుకుని కిందికొస్తే వెనక ఎడమ టైరు సగం కూర్చుని ఉంది. అదీ చూడగానే తెలిసింది, లైటు కోసం ఆగక్కర్లేకపోయింది. మరలున్న మేకు, తల అరిగి మెరుస్తోంది, టైరు నడిమి గాడిలోనే గుచ్చుకుంది. జాకీ లేదు కాబట్టి చక్రం విప్పే మాట లేదు. బండిని మెల్లగా ఒక మూర ముందుకి జరిపి, మేకు టైరు వెనక వైపు చేతికందే ఎత్తుకి వచ్చేట్టు ఆపా. కటింగ్ ప్లయర్‌తో మేకు తీసి, ఆకురాయిలాంటి పొడవాటి సూదిని రంధ్రంలో నాలుగైదు సార్లు తిప్పి గరుకు చేసి, స్ట్రిప్పుకి జిగురు రాసి సూది చెవిలో దూర్చి, భుజం బలమంతా పెట్టి లోపలికి నెట్టి, సూదిని ఒక్కసారిగా వెనక్కి లాగా. స్ట్రిప్పు లోపల ముడిపడి ఉండిపోయింది. సబ్బు నీళ్లు పోస్తే బుడగ రాలేదు. సెక్యూరిటీ అతను పక్కన నిలబడి అంతా చూసి, “మేడమ్, మీరు ఏ డిపార్ట్‌మెంటు?” అన్నాడు. ఆ తర్వాత రాణిగంజ్‌లో లోపలి నుంచి మష్రూమ్ ప్యాచ్ (పుట్టగొడుగు ఆకారపు రబ్బరు అతుకు) వేయించా, అయిదొందలు. స్పోర్ట్స్ టైరుకి స్ట్రిప్పుని తాత్కాలికం అనే అనుకోండి. ఇంటికి చేరాక లోపలి ప్యాచ్ తప్పదు.

ఇప్పుడు డిక్కీలో ఒక గుడ్డ సంచి ఉంటుంది. సిగరెట్ లైటర్ సాకెట్‌తో నడిచే గాలి పంపు, స్ట్రిప్పుల పొట్లం, సూదులు, ప్లయర్, గేజ్, టార్చి, ఒక సీలెంట్ బాటిల్. ఇంకొకటి, లాక్ బోల్టు విప్పే తాళం ముక్క. ఇది అందరూ మర్చిపోతారు. ఆ ముక్క ఇంట్లో ఉంటే రోడ్డు మీద ఎంత మంచి మెకానిక్ దొరికినా చక్రం విప్పలేడు. సీలెంట్ ఆఖరి అస్త్రం. పోస్తే చిన్న రంధ్రం మూసుకుంటుంది, కానీ టైరు లోపలంతా జిగట అవుతుంది, తర్వాత శుభ్రం చేసేవాళ్లు మొహం మాడ్చుకుంటారు. బాటిల్ మీద గడువు తేదీ కూడా ఉంటుంది, చూసుకోండి. స్టెప్నీ లేకపోతే పోలీసులు పట్టుకుంటారా అని భయపడక్కర్లేదు. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి హెచ్చరిక వ్యవస్థ, రిపేర్ కిట్ ఉన్న చిన్న బండ్లకి స్టెప్నీ అక్కర్లేదని 2020లోనే కేంద్రం నిబంధన మార్చింది.

నా బండిలో ఉన్న హెచ్చరిక వ్యవస్థ గాలిని నేరుగా కొలవదు. గాలి తగ్గిన చక్రం కాస్త చిన్నదై మిగతావాటి కన్నా వేగంగా తిరుగుతుంది కదా, ఆ తేడాని బ్రేకు సెన్సర్లు పట్టుకుంటాయి. అందుకని టైర్లు మార్చాక, గాలి కొట్టించాక మెనూలో రీసెట్ చేయాలి. నాలుగింటిలో గాలి కలిసికట్టుగా తగ్గితే ఇది పట్టుకోలేదు. కాబట్టి పదిహేను రోజులకోసారి గేజ్ పెట్టడం మానకండి.

మామూలు టైరు చేతులెత్తేసే చోటు కూడా చెప్పాలి. పక్కగోడ కోసుకుపోతే స్ట్రిప్పు, సీలెంటు, పంపు అన్నీ వృథా. 35 ప్రొఫైల్ టైరు గుంట అంచుకి తగిలితే పక్కగోడ చీలడం, బుడగ లేవడం సాధారణం. అప్పుడు ఫ్లాట్‌బెడ్ బండి పిలిపించుకోవాల్సిందే, ఇంత కిందికి ఉండే కారుని కొక్కెం వేసి లాగనివ్వకండి. ఇన్సూరెన్స్ చూసుకుంటుందిలే అనుకోవద్దు. మామూలు పాలసీలో టైరు ఒక్కటే పోతే పైసా రాదు. బండికి కూడా దెబ్బ తగిలి టైరు పోతే అందులో సగం ఇస్తారు. టైరు కవర్ విడిగా తీసుకుంటే వేరు. రన్‌ఫ్లాట్ పక్కగోడ చిన్నగా చీలినా ఏదో విధంగా వెలుతురున్న చోటుకి చేరుస్తుంది. ఈ ఒక్క విషయంలో దానికి సాటి లేదు.

అందుకే అందరికీ మామూలువే వేయించుకోమని చెప్పను. నల్లమల దారి సంగతే చూడండి. మన్ననూర్ చెక్‌పోస్టు దాటితే అమ్రాబాద్ పులుల అడవి, రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా బండ్లని వదలరు. లోపల చాలా చోట్ల ఫోను పలకదు, పంక్చర్ షాపు మాటే లేదు. సాయంత్రం ఏడింటికి అడవి మధ్యలో టైరు చీలితే? ఎటు వెళ్లినా అడవి అంచు 80 కిలోమీటర్లకి లోపే, వేగం కూడా ఎలాగూ నెమ్మదే. కంపెనీవాడి లెక్క అచ్చంగా అతికే రోడ్డు మన దగ్గర ఏదైనా ఉందంటే ఇదే. శ్రీశైలం తరచూ వెళ్లేవాళ్లు, అర్ధరాత్రి ఒంటరిగా ఔటర్ రింగ్ రోడ్డు మీద తిరగాల్సిన ఉద్యోగాల వాళ్లు, మేకుని ప్లయర్‌తో లాగే ఓపిక లేనివాళ్లు, నడుము గట్టిగా ఉన్నవాళ్లు రన్‌ఫ్లాట్‌లోనే ఉండండి. 3 సిరీస్ లాంటి ఫ్యామిలీ సెడాన్లకి ఇంకో సౌకర్యం, వాటి సైజులు కాస్త సులువుగా దొరుకుతాయి.

అర్ధరాత్రి ఒంటరిగా తిరిగే ఉద్యోగం నాదే కదా అని మా ఆయన వెంటనే పాయింటు లాగారు. నిజమే. అందుకని ఇంట్లో ఒక ఏర్పాటు జరిగింది. రాత్రి పది దాటాక ఎమర్జెన్సీ కాల్ వస్తే జెడ్4 తాళం కొక్కేనికే ఉంటుంది, నేను ఆయన బాలెనో తీసుకెళ్తా. దానికి స్టెప్నీ, జాకీ రెండూ ఉన్నాయి. పొద్దున ఆయన ఆఫీసుకి జెడ్4లో వెళ్తారు. ఈ ఏర్పాటు వల్ల ఎక్కువ లాభపడింది ఎవరో నాకు అనుమానమే.

మార్చే ఉద్దేశం ఉన్నవాళ్లకి ఆఖరుగా రెండు ముక్కలు. షాపులో బేరం మొదలుపెట్టే ముందు నాలుగు టైర్ల మీదా తేదీ ముద్ర చదవండి, నాలుగూ ఆర్నెల్ల లోపువి ఇవ్వమనండి. ఒకటి మాత్రం రెండేళ్ల పాతది కలిపే అలవాటు కొందరికి ఉంది. ముందూ వెనకా సైజులు వేరైన బండ్లలో టైర్లు అటూ ఇటూ మార్చి సమంగా అరగదీసే వీలుండదు, వెనకవి ముందుగా అరుగుతాయి. కాబట్టి అదే మోడల్లో వెనక జత రేటు విడిగా రాయించుకోండి. నాకు వెనక జత అరుగుదల గుర్తుకి ఇంకో రెండు మిల్లీమీటర్లు ఉంది, సంక్రాంతికి నరసరావుపేట వెళ్లేలోపు మార్పించాలి. పైలట్ స్పోర్ట్ 5 ఈ రెండు సైజుల్లోనూ ఉంది. పెద్దాయన్ని రేటు కనుక్కోమన్నా, ఇంకా ఫోను రాలేదు.